గిన్నె పట్టుకుని పరిగెత్తిన మనిషి

సినిమా మొదలైన కాసేపటికే షేర్గాజీ ముందు కుర్చీ వీపును రెండు చేతులతో పట్టుకున్నాడు. తెర మీద నేల ఊగుతోంది, ఆకాశం ఊగుతోంది, గుడారాలు ఊగుతున్నాయి. బొమ్మ ఒక్కచోట నిలవదు. లారీ వెనక కూర్చుని కొండ దారిలో దిగుతున్నట్టుంది. ముందు కుర్చీ వీపును రెండు చేతులతో పట్టుకున్నాడు.

"తాగి తీశాడా వీడు?" అని వెనక వరసలోంచి ఎవరో అన్నారు.

"తాలాయ్ తాగకుండా ఎప్పుడు తీశాడు? మా వాడి పెళ్లి కేసెట్టూ ఇంతే. పెళ్లికూతురి కంటే దాని చెప్పులే ఎక్కువ కనిపిస్తాయి."

హాలంతా నవ్వింది. షేర్గాజీ నవ్వలేదు. అతను నవ్వడానికి రాలేదు, సినిమా చూడడానికీ రాలేదు. భార్య మొహం చూడడానికి వచ్చాడు.

బురుల్ ముందటేడు చలికాలంలో పోయింది. ఇంట్లో మిగిలింది పాస్‌పోర్టు ఫొటో ఒక్కటే. దాన్నే పెద్దది చేయించి సమాధి రాయి మీద చెక్కించారు. అందులో ఆమె ఎవరో కసురుకుంటుంటే వింటున్నట్టు ఉంటుంది. బతికుండగా ఆ మొహం ఎప్పుడూ అలా లేదు. షేర్గాజీ సమాధుల దగ్గరికి వెళ్లినప్పుడు ఆ రాయి వైపు చూడకుండా మట్టి వైపే చూసి వచ్చేస్తాడు.

ఊళ్లో ఏ విందు జరిగినా తాలాయ్ కెమెరా ఉండాల్సిందే. అతను బల్ల బల్లకీ వెళ్తాడు. ఒక్కో బల్ల దగ్గరా చుట్టాలు లేచి నిలబడి, కెమెరాలోకి చూస్తూ నాలుగు మంచి మాటలు చెప్తారు. ఆ లెక్కన కేసెట్లో మొహం లేని మనిషి ఊళ్లో లేడు. కానీ బురుల్ ఏనాడూ బల్ల దగ్గర కూర్చోలేదు. టీ కాచడంలో ఆమె చెయ్యి మంచిదని ప్రతి విందులోనూ ఆమెను టీ నీళ్లు మరిగే పెద్ద సమోవార్ దగ్గర నిలబెట్టేవాళ్లు. సమోవార్ దగ్గరికి కెమెరా రాదు. పొగ, బూడిద, ఎంగిలి గిన్నెలు ఎవరు తీయించుకుంటారు?

కిందటి వారం మరదలు జుమాగుల్ కరకోల్ పట్నం నుంచి వచ్చి, గుమ్మంలోనే నిలబడి చెప్పింది.

"బావా, అక్క సినిమాలో ఉంది."

"ఏ సినిమాలో?"

"తాలాయ్ తీసినదాంట్లో. మా పట్నంలో వేశారు. సరస్సులోంచి మృగం వస్తుందే, అందులో."

"చచ్చిపోయినదాన్ని ఎలా తీశాడు?"

"నాకేం తెలుసు? ఉందంతే. ఇలా కనిపిస్తుంది, అలా పోతుంది. సరిగ్గా చూద్దామనుకునేసరికి హాల్లో అందరూ కెవ్వుమన్నారు. నేనూ కళ్లు మూసేసుకున్నా."

"కళ్లు మూసుకున్నదానివి ఉందని ఎలా చెప్తున్నావు?"

"మూసుకోకముందు చూశాలే! ప్రతిదానికీ పోలీసులా అడగకు."

జుమాగుల్ ఒంటి మీద అక్క ఊదా రంగు మఖమల్ కోటు ఉంది. నలభయ్యో రోజున పోయిన మనిషి బట్టలు పంచిపెట్టినప్పుడు ఆ చేతుల్లేని కోటు ఆమె వంతుకు వచ్చింది. దాన్ని చూసినప్పుడల్లా షేర్గాజీకి ఒళ్లు మండుతుంది. వద్దని అనడానికి లేదు. పంచిపెట్టింది తనే.

అందుకే ఈ ఆదివారం మధ్యాహ్నం క్లబ్బు హాలుకి వచ్చాడు. కిటికీలకి కంబళ్లు కట్టి చీకటి చేశారు. ఒక కంబళి జారిపోతుంటే ఎవరో కర్రతో ఎగదోస్తున్నారు. ముందు వరసలో కిదిరాలి కూర్చున్నాడు, తన ఇంట్లో పెళ్లి జరుగుతున్నట్టు. పక్కన రాజధాని బిష్కెక్ నుంచి వచ్చిన ఎర్నిస్ అనే కళ్లద్దాల కుర్రవాడు. సినిమాల గురించి పత్రికల్లో రాస్తాడట. షేర్గాజీ కిదిరాలితో మాట్లాడడు. లోపలికి వస్తుంటే అతను చెయ్యి చాచాడు. షేర్గాజీ ఆ చెయ్యి పక్కనుంచి నడిచి వెళ్లి వెనక కూర్చున్నాడు.

సినిమా కథ ఏమిటో షేర్గాజీకి సగం అర్థమైంది, సగం కాలేదు. సరస్సు గట్టున ఒక పెళ్లి జరుగుతుంటుంది. కేసెట్టు తీసేవాడు ఒకడు ఉంటాడు. వాడు తెరమీద కనిపించడు. వాడి ఊపిరి వినిపిస్తుంది. చూసేదంతా వాడి కెమెరాలోంచే చూడాలి. నీళ్లు పొంగుతాయి, ఏదో పైకి వస్తుంది, జనం పరిగెడతారు, వాడూ పరిగెడతాడు, కెమెరా ఆపడు. ఎందుకు ఆపడు? ప్రాణం మీదికి వస్తే ఎవడైనా చేతిలోది కింద పారేస్తాడు కదా? షేర్గాజీకి ఇది బోధపడలేదు. పక్కవాణ్ని అడిగాడు.

"ఆపితే సినిమా అయిపోదా, అన్నా?" అన్నాడు పక్కవాడు.

తెర మీద ఒక తెల్లగడ్డం ముసలాయన లేచి, కొత్త జంటకు దీవెన చెప్పడం మొదలుపెట్టాడు. చెప్పడం పూర్తి కాగానే హాల్లో ఉన్న వాళ్లంతా, ముందు వరస నుంచి వెనక వరస దాకా, అరచేతులు చాచి మొహం మీదుగా తుడుచుకున్నారు. షేర్గాజీ కూడా తుడుచుకున్నాడు. దీవెన దీవెనే, తెర మీదదైనా. కళ్లద్దాల కుర్రవాడు మాత్రం వెనక్కి తిరిగి, నోరు తెరిచి చూస్తూ ఉండిపోయాడు.

ఆ వెంటనే మృగం తోక కనిపించింది.

"అయ్యో! అది మా అత్తగారి కంబళి కదూ!" అని ఒకావిడ లేచి నిలబడింది. "ఆ ఎర్ర చారలు చూడండి! చిమ్మటలు కొట్టేశాయని పారేస్తే వీడు ఎత్తుకుపోయాడా?"

"కూర్చో వదినా, మీ అత్తగారు మింగేస్తుంది."

"బతికున్నప్పుడూ అదే చేసింది!"

ఇంతలో మృగం అరిచింది. నవ్వుతున్న వాళ్లే గబుక్కున ఒకళ్ల చేతులొకళ్లు పట్టుకున్నారు. కంబళి అని తెలిసినా భయపడ్డారు. షేర్గాజీకి వీళ్లు నవ్వుతున్నారో భయపడుతున్నారో తెలియలేదు. వాళ్లకూ తెలిసినట్టు లేదు.

తర్వాత పొగ వచ్చింది. పొగ వెనక ఒక పెద్ద సమోవార్. దాని పక్కన ఊదా రంగు మఖమల్ కోటు.

షేర్గాజీ ముందుకు వంగాడు.

బురుల్ కెమెరా వైపు వీపు పెట్టి నిలబడి ఉంది. ఎవరో ఏదో అన్నట్టున్నారు, భుజాలు కదిలేలా నవ్వుతోంది. తర్వాత తల పక్కకు తిప్పింది. మొహం సగం కనిపించింది. చెంప, ముక్కు, రుమాలు కింద నుంచి జారిన జుట్టు. ఆమె ఎడమ వైపు దేన్నో చూసింది. నవ్వు ఆగిపోయింది. కళ్లు పెద్దవయ్యాయి. అప్పుడే మృగం హాలు అదిరేలా అరిచింది. బురుల్ బల్ల మీద మూతపెట్టి ఉన్న గిన్నెను లాక్కుని, రెండు చేతులతో పట్టుకుని పరిగెత్తింది. కెమెరా ఆమె వెనక పడింది. గడ్డి, నీటి కాలువ, మడమలు, ఆకాశం, మళ్లీ గడ్డి. ఆమె లేదు.

"గిన్నె పట్టుకుని ఎవరైనా పరిగెడతారా మృగాన్ని చూసి?" అని ఎవరో నవ్వారు.

"బురుల్ అయితే పరిగెడుతుంది. ప్రళయం వచ్చినా పళ్లెం కింద పెట్టే మనిషి కాదు."

"బురులా? చనిపోయిన బురులా?"

గుసగుసలు లేచాయి. వరసలో ఉన్నవాళ్లంతా షేర్గాజీ వైపు తిరిగారు. అతను తెర వైపే చూస్తున్నాడు. తెర మీద ఇప్పుడు ఎవరో యువకుడు చెట్టెక్కుతున్నాడు. షేర్గాజీ కళ్ల ముందు మాత్రం ఆ కాలువే ఉంది.

ఆ కాలువ అతనికి తెలుసు. అది కిదిరాలి ఇంటి వెనక పారే కాలువ. దాని గట్టున పోప్లార్ చెట్లు కొట్టేసిన మొదళ్లు. అది కిదిరాలి కొడుకు పెళ్లి. బురుల్ పోవడానికి ముందటేడు.

ఆ పెళ్లిని షేర్గాజీ మర్చిపోడు. మాంసం పంచేటప్పుడు ఎవరి వయసుకు తగ్గ ఎముక వాళ్లకు రావాలి. ఆ బల్ల దగ్గర వయసులో పెద్ద షేర్గాజీ. తుంటి ఎముక అతని ముందు పడాలి. కిదిరాలి మనుషులు దాన్ని తీసుకెళ్లి కిదిరాలి వియ్యంకుడి ముందు పెట్టారు. వాడు షేర్గాజీ కంటే చిన్నవాడు. షేర్గాజీకి ముందుకాలి ఎముక వచ్చింది, నిన్న మొన్న మీసాలు వచ్చిన వాళ్లకు పెట్టేది. అతను దాన్ని ముట్టుకోకుండా లేచాడు. వెనక వైపు నుంచి, వంటల పొగ మధ్య నుంచి, కాలువ పక్కగా రోడ్డు ఎక్కి ఇంటికి నడిచాడు. ఎవరి వైపూ చూడలేదు. ఆ రోజు నుంచి కిదిరాలి చెయ్యి గాలిలోనే ఉంది.

సాయంత్రం బురుల్ ఇంటికి వచ్చింది. ఏమీ అనలేదు. టీ పెట్టింది.

తెర మీద పరిగెత్తేటప్పుడు కాలువ ఆమెకు కుడి చేతి వైపు ఉంది. అంటే ఆమె రోడ్డు వైపు పరిగెడుతోంది. దేన్నుంచి పరిగెత్తింది? రోడ్డు మీద ఎవరున్నారు? షేర్గాజీ తల పట్టుకున్నాడు. కెమెరా ఊగడం ఆగినా అతని తల ఆగలేదు.

దీపాలు వెలిగాయి. కంబళ్లు విప్పారు. ఎండ పడేసరికి అందరూ కళ్లు చిట్లించి, నిద్రలో లేపినట్టు ఒకళ్లనొకళ్లు చూసుకున్నారు. సినిమా అయిపోయిందా, మధ్యలో ఆగిందా అని కొందరికి అనుమానం. చివర్లో కెమెరా కింద పడిపోయి, గడ్డి పరక ఒకటి ఊగుతూ ఉంటే తెర నల్లబడింది.

"మృగం చచ్చిందా, లేదా?" అని అడిగాడొకడు.

"తెలియదు," అన్నాడు తాలాయ్. తెర ముందుకు వచ్చి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నిలబడ్డాడు. ఇన్నేళ్లూ అతను కెమెరా వెనకే ఉన్నాడు, ముందు నిలబడడం అలవాటు లేదు.

"తీసినవాడివి నీకే తెలియకపోతే మాకెలా తెలుస్తుందిరా?"

బిష్కెక్ ఎర్నిస్ లేచాడు. "నేను నిజమే చెప్తాను," అన్నాడు. "చేతిలో కెమెరా పట్టుకుని పరిగెత్తడం, మృగాన్ని పూర్తిగా చూపించకపోవడం, కేసెట్టు దొరికినట్టు కథ చెప్పడం, ఇవన్నీ బయటి దేశాల్లో ఎప్పుడో వచ్చాయి. ఇప్పుడు పాతబడిపోయాయి."

"అంటే కాపీ అంటావా బాబూ?" అన్నాడు కిదిరాలి.

"కాపీయే!" అంది జుమాగుల్ కిటికీ దగ్గర నుంచి. "బయటి దేశాలెందుకు? మా పెళ్లి కేసెట్టునే కాపీ కొట్టాడు. అందులోనూ సగం నేలే. మృగం ఒక్కటే తక్కువ."

"మృగం ఎందుకు తక్కువ? మీ ఆయన ఉన్నాడుగా అందులో!"

హాలు గొల్లుమంది. ఎర్నిస్ నవ్వు ఆగేదాకా ఆగాడు. "కానీ ఒక్క చోట ఉంది," అన్నాడు. "ఆ గిన్నె. మృగం వస్తుంటే ఆ స్త్రీ పిల్లల్ని కాదు, డబ్బు కాదు, గిన్నె పట్టుకుని పరిగెడుతుంది. ఇలాంటిది నేను ఏ దేశపు సినిమాలోనూ చూడలేదు. ఆ మొహంలో భయం కూడా మామూలు భయం కాదు. ఇది కొత్తది. ఇది మీది. తాలాయ్ అన్నా, ఆ గిన్నె ఆలోచన మీకెలా వచ్చింది?"

తాలాయ్ మెడ ఎర్రబడింది. జనం అతని వైపు చూస్తున్నారు. "అంటే..." అన్నాడు. "వచ్చింది. ఆలోచిస్తుంటే వచ్చింది."

షేర్గాజీ లేచి నిలబడ్డాడు. కర్ర నేలకు తగిలి చప్పుడైంది.

"నీకు రాలేదు."

"ఆవిడ ఎవరు?" అన్నాడు షేర్గాజీ.

"బాబాయ్..."

"ఎవరో చెప్పు. ఇక్కడున్న వాళ్లకి చెప్పు."

"బురుల్ పిన్ని."

"ఆవిడకి నువ్వు చెప్పావా, గిన్నె పట్టుకో, పరిగెత్తు అని?"

"లేదు బాబాయ్." తాలాయ్ చొక్కా అంచు లాక్కున్నాడు. "పాత కేసెట్లలో నేను పారేసే ముక్కలుంటాయి. ఒక బల్ల నుంచి ఇంకో బల్లకి వెళ్తున్నప్పుడు కెమెరా ఆపడం మర్చిపోతుంటాను. నేల, కాళ్లు, వంటపొయ్యిలు, అన్నీ అందులో పడతాయి. అవి ఎవరికీ అక్కర్లేదు. ఇంటివాళ్లకి ఇచ్చేటప్పుడు కోసేస్తాను. ఆ ముక్కలన్నీ ఒక చోట పెట్టి చూస్తే, జనం దేన్నో చూసి పారిపోతున్నట్టు అనిపించింది. అలా మొదలైంది. మీకు చెప్పాల్సింది. భయపడ్డాను."

"అంటే ఆమె నటి కాదా?" అన్నాడు ఎర్నిస్, కళ్లద్దాలు తీసి తుడుస్తూ.

"నటి ఏమిటి! మా అక్కయ్య!" అంది జుమాగుల్. "మోకాళ్ల నొప్పులతో మెట్టు దిగడానికే అరగంట పట్టేది. ఎలా పరిగెత్తిందో నాకూ అర్థం కాలేదు."

"మరి ఏం చూసి పరిగెత్తింది?" అన్నాడు ఎర్నిస్.

ఆ మాట షేర్గాజీ అడగాలనుకున్నదే. ఈ కళ్లద్దాల వాడు ముందే అడిగేశాడని అతనికి కోపం వచ్చింది.

"నాకు తెలియదు," అన్నాడు తాలాయ్. "నేను వెనక పడ్డాను, ఏదో జరిగింది అనుకుని. కాలువ దగ్గర జారాను. తర్వాత కెమెరా బెంచీ మీద పెట్టి కాళ్లు కడుక్కోవడానికి వెళ్లాను. అది తిరుగుతూనే ఉంది. సినిమాలో మాటలు తీసేసి అరుపు పెట్టాను."

"ఆ మాటలు ఉన్నాయా?"

"ఉన్నాయి."

"వినిపించు."

తెర వెనక చిన్న గదిలో తాలాయ్ లాప్‌టాప్ తెరిచాడు. జుమాగుల్ పిలవకుండానే వచ్చి తలుపుకి ఆనుకుని నిలబడింది. బయట పెరట్లో కళాయిల మూతల చప్పుడు. సినిమాకి గౌరవంగా కిదిరాలి గొర్రెను కోయించాడు. మాంసం వాసన గదిలోకి వస్తోంది.

మళ్లీ పొగ. మళ్లీ సమోవార్. ఈసారి అరుపు లేదు. దూరంగా లౌడ్‌స్పీకర్లో పాట ఉంది. బురుల్ భుజాలు కదిలేలా నవ్వుతోంది. తల తిప్పింది. కళ్లు పెద్దవయ్యాయి.

"లేచి వెళ్లిపోతున్నారు," అంది బురుల్. "చూశారా, తినకుండా వెళ్లిపోతున్నారు."

"ఎవరూ?" అని ఎవరో ఆడమనిషి గొంతు.

"ఇంకెవరు! ఏదో తప్పు ఎముక పెట్టి ఉంటారు. నేను చెప్తూనే ఉన్నా, మా ఆయనకి చూసి పెట్టండని. కళాయి దగ్గర అడిగి రెండో తుంటి ఎముక తీసి దాచాను కూడా." గిన్నె లాగిన చప్పుడు. తర్వాత ఆమె పరుగు. ఊపిరి ఎగపోసుకుంటూ, "ఏమండీ! మిమ్మల్నే! ఇటు చూడండి ఒక్కసారి! ఏమండీ!"

పేరు పెట్టి పిలవలేదు. భర్త పేరు నోట రానివ్వని ఇంట్లో పెరిగింది ఆమె. పాట హోరు మీద ఆ పిలుపు చీమంత వినిపించింది. కెమెరా గడ్డిలోకి దూకింది. తాలాయ్ తిట్టుకోవడం వినిపించింది. తర్వాత బొమ్మ నిలబడింది. బెంచీ మీంచి చూస్తున్నట్టుంది. గడ్డి, ఒక బల్ల కాలు, రబ్బరు చెప్పులు.

రబ్బరు చెప్పులు మెల్లగా తిరిగి వచ్చాయి. ఒక కాలు ఈడుస్తూ.

"వినబడలేదు," అంది బురుల్ గొంతు.

"వినబడే ఉంటుంది."

"ఊహు. నడిచేటప్పుడు వెనక్కి చూసే అలవాటు లేదు ఆయనకి."

"మరి ఈ ఎముక ఏం చేస్తావు? ఇంటికి పట్టుకెళ్తావా?"

"పట్టుకెళ్తే ఎవరి ఇంటి ఎముక అని అడుగుతారు, విసిరేస్తారు. వేడిగా ఉంది. రండి, మనం తిందాం."

ఆడవాళ్లు నవ్వారు. కత్తి ఎముకకు తగిలిన చప్పుడు వచ్చింది. నమలడం. "ముసలాళ్లు ఊరికే కొట్టుకోరు దీని కోసం," అంది ఎవరో, నోరు నిండుగా. అందరికంటే గట్టిగా బురుల్ నవ్వింది.

షేర్గాజీ కదలకుండా కూర్చున్నాడు. తనకు ఏమనిపించాలో అతనికి తెలియలేదు. ఆమె తన వెనక పరిగెత్తింది. తర్వాత కూర్చుని తన ఎముక తినేసింది. నవ్వింది. ఇంటికి వచ్చి టీ పెట్టింది. ఆ టీ తాగుతూ అతను ఆమెకు ఆకలి వేస్తోందనుకున్నాడు. రొట్టె ముందుకు తోశాడు కూడా. ఆమె వద్దంది. దేనికి వద్దందో ఇప్పుడు తెలుస్తోంది.

అప్పుడు బొమ్మ మీద నీడ పడింది.

"తాలాయ్ తన డబ్బా ఇక్కడే మర్చిపోయాడు," అంది బురుల్. "ఇదేంటి, ఎర్రగా వెలుగుతోంది?"

ఆమె మొహం కెమెరా మీదికి వచ్చింది. పెద్దగా, తెరంతా నిండిపోయి, మసగ్గా. మరీ దగ్గరగా ఉండడం వల్ల ఏ గీతా నిలవలేదు. రెండు కళ్లున్నాయని తెలుస్తోంది. నోటి పక్కన కొవ్వు మెరుస్తోంది. ఆమె అద్దంలోకి చూసినట్టు లోపలికి చూసింది.

"కాలిపోతుందేమో," అని తువ్వాలు తెచ్చి దాని మీద కప్పేసింది.

చీకటి. గిన్నెల చప్పుడు. తాలాయ్ ఆపేశాడు.

"మసగ్గా ఉంది," అన్నాడు షేర్గాజీ.

"అవును బాబాయ్. మరీ దగ్గరికి వచ్చింది. సరిచెయ్యడానికి ప్రయత్నించాను. రాదు."

"ఇంకో ముక్క లేదా?"

"లేదు. అన్ని కేసెట్లూ వెతికాను. పిన్ని ఇంకెక్కడా లేదు."

"ఇన్నేళ్లు తిరిగావు కెమెరా వేసుకుని."

తాలాయ్ తల వంచుకున్నాడు. "ఈ ముక్క తీసెయ్యమంటే తీసేస్తాను. బిష్కెక్ అతను చెప్పినదంతా పోతుంది. పోనీ."

షేర్గాజీ కర్ర అందుకున్నాడు. తీసెయ్యమంటే ఆమె ఎక్కడా ఉండదు. ఉంచమంటే మృగాన్ని చూసి పరిగెత్తినదై ఉంటుంది. రోడ్డు మీద వెళ్లిపోతున్న మనిషిని తీసి, అక్కడ మృగాన్ని పెట్టాడు వీడు. తప్పా? రైటా? అతను లేచాడు.

పెరట్లో బల్లలు వేశారు. మాంసం పళ్లేలు తిరుగుతున్నాయి. జనం ఇంకా వాదించుకుంటున్నారు.

"కొత్తదే. కంబళితో మృగాన్ని ఎవడు చేశాడు ఇంతకుముందు?"

"మొహం చూపించని సినిమా సినిమా ఎలా అవుతుంది?"

"నువ్వు కెవ్వుమన్నావు కదా!"

"నా కాలు తొక్కారని అరిచాను!"

కిదిరాలి షేర్గాజీని చూసి బల్ల దగ్గర చోటు చూపించాడు. షేర్గాజీ ఆగలేదు. కిదిరాలి మీద కోపం పోయిందని కాదు. పోలేదు, పోదు. కానీ ఈసారి కోపం వల్ల నడవడం లేదు. కాళ్లు ఆ దారికి అలవాటు పడ్డాయి, అంతే. గేటు దాటి రోడ్డెక్కాడు. సరస్సు నుంచి గాలి ఎదురుగా కొడుతోంది.

వెనక రబ్బరు చెప్పుల చప్పుడు వినిపించింది.

షేర్గాజీ ఆగాడు. మెడ పట్టేసినట్టుంది. వెనక్కి తిరిగాడు.

ఊదా రంగు మఖమల్ కోటు రోడ్డు మీద ఊగుతూ వస్తోంది. రెండు చేతుల్లో మూత పెట్టిన గిన్నె. షేర్గాజీ ఒక అడుగు ముందుకు వేశాడు. జుమాగుల్ గొంతు వినిపించి ఆగిపోయాడు.

"చెవులు లేవా బావా నీకు? గేటు దగ్గర్నుంచి అరుస్తున్నా! ఈ వయసులో నన్ను పరిగెత్తించావు!"

ఆమె గిన్నె అతని చేతుల్లో పెట్టి, మోకాళ్ల మీద చేతులు ఆనించి ఊపిరి తీసుకుంది. షేర్గాజీ మూత తీశాడు. ముందుకాలి ఎముక.

"తుంటి ఎముక ఎవరికి పెట్టారు?"

"బిష్కెక్ కుర్రాడికి. అతిథి కదా. ఎలా తినాలో తెలియక ఫొటో తీసుకుంటున్నాడు."

షేర్గాజీ ఎముక వైపు చూశాడు. విసిరేయడానికి చెయ్యి లేవాలి. లేవలేదు. ఎందుకు లేవలేదో అతనికి అర్థం కాలేదు. ఆవిరి వస్తోంది. రోడ్డు మధ్యలో నిలబడే ఒక ముక్క పీకి నోట్లో వేసుకున్నాడు. ఉప్పు తక్కువైంది.

"ఎవరు వండారు?"

"ఎవరైతే ఏం, తిను. చల్లారిపోతోంది."

గేటు దగ్గర తాలాయ్ నిలబడి ఉన్నాడు. కెమెరా కంటికి ఆనించి ఉంది. ఎర్ర దీపం వెలుగుతోంది. రోడ్డు మీద గిన్నె పట్టుకుని తింటున్న ముసలివాణ్ని తీస్తున్నాడు. కెమెరా ఊగుతోంది.

షేర్గాజీ కర్ర ఎత్తి ఊపాడు.

"నన్ను కాదురా!" అని అరిచాడు. నోట్లో మాంసం ఉంది. "ఇటు రా. దగ్గరికి రా. మరీ దగ్గరికి కాదు, అక్కడ ఆగు. ముందు ఈవిడ మొహం తియ్యి."

"అయ్యో, నన్నెందుకు?" అని జుమాగుల్ రుమాలు మొహానికి అడ్డం పెట్టుకుంది. "జుట్టు చూడు ఎలా ఉందో! నేను సమోవార్ దగ్గర్నుంచి వచ్చా!"

"రుమాలు తియ్యి," అన్నాడు షేర్గాజీ. "ఒరే, నువ్వు ఊపకుండా తియ్యి."